నైతికత తప్పా? నీతి చాలదా?

సందేహం: పోటీ పరీక్షలకు చదువుతున్నాను. ఎథిక్స్ సబ్జెక్టును ఒక పుస్తకంలో నీతిశాస్త్రం అన్నారు, ఇంకొకదాంట్లో నైతికశాస్త్రం అన్నారు, కోచింగ్ నోట్సులో నైతికత అని ఉంది. “మానవ ప్రవర్తనను, సమాజాన్ని వివరించే నైతిక సిద్ధాంతాలు” అనే వాక్యం కూడా చూశాను. ఇది సరైన ప్రయోగమేనా? సిద్ధాంతం, వాదం ఒకటేనా? సమాజశాస్త్రం అనాలా, సంఘశాస్త్రం అనాలా?
– ఒక పాఠకురాలు

సమాధానం: నైతికతలో వ్యాకరణదోషం లేదమ్మా. పరీక్షలో రాస్తే ఎవరూ మార్కులు కొయ్యరు. నా కోపం వేరే. నీతి అనే రెండక్షరాల మాటకు ‘ఇక’ చేర్చి విశేషణం చేశాం, దానికి మళ్లీ ‘త’ చేర్చి నామవాచకం చేశాం. ఇంత చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వచ్చాం. “ఆయనకు నీతి లేదు” అంటే సరిపోయేదానికి “ఆయనలో నైతికత లోపించింది” అంటున్నారు. తిట్టు కూడా నీరుగారిపోయింది.

నీతికి మూలం నీ ధాతువు. తీసుకుపోవడం, నడిపించడం దాని అర్థం. నడిపించేవాడు నేత, నాయకుడు. దారి చూపి నడిపించేది కనుక కన్ను నయనం. పిల్లవాణ్ణి గురువు దగ్గరికి చేర్చడం ఉపనయనం, వధువును అగ్ని చుట్టూ నడిపించడం పరిణయం, భావాన్ని ప్రేక్షకుడి ఎదుటికి తేవడం అభినయం. వినయం, అనునయం, ప్రణయం, నిర్ణయం అన్నీ అక్కడివే. న్యాయం కూడా ఇక్కడిదేనని చాలామంది రాసేస్తుంటారు. సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని ఒప్పుకోడు. “పరిన్యోర్నీణోః” అని మొదలయ్యే సూత్రంలో పరిణాయానికి నీ ధాతువును, న్యాయానికి వెళ్లడం అనే అర్థమున్న ఇణ్ ధాతువును పంచిపెట్టాడు. పరిణాయం అంటే జూదంలో పావులు నడపడం. న్యాయానికి దక్కని ధాతువు జూదానికి దక్కింది!

మన ‘నయం’ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. సంస్కృతంలో నయమన్నా నీతే. తెలుగులో జ్వరం నయమవుతుంది, పక్క కొట్లో ధర నయంగా ఉంటుంది, మొండివాణ్ణి నయానో భయానో ఒప్పిస్తాం, నమ్మినవాణ్ణి నయవంచన చేస్తాం. ఇవన్నీ ఆ ధాతువు నుంచే వచ్చాయని ప్రమాణం చేసి చెప్పలేను. తమిళంలో నయం అంటే ఇంపు, మేలు, చవక అనే అర్థాలున్నాయి. సంస్కృతం మాటా, ద్రావిడం మాటా మన నోట్లో ఒకటైపోయాయేమో. కాదనడానికీ ఆధారం లేదు.

ఇంతకీ చెప్పదలచింది ఏమిటంటే, నీతి అంటే మొదట నడిపే నేర్పు. మంచితనం తరవాత వచ్చి చేరిన అర్థం. అందుకే రాజనీతి, దండనీతి అన్న మాటలు పుట్టాయి. చిన్నయసూరి 1853లో నీతిచంద్రిక వెలువరించారు. అందులోని మిత్రభేదంలో దమనకుడనే నక్క ఏం చేశాడు? సింహానికీ ఎద్దుకూ మధ్య చిచ్చు పెట్టి, ఎద్దును చంపించి, దర్జాగా మంత్రిగిరీ చేశాడు. పిల్లలకు ఆ కథ చెప్పి “ఇందులోని నీతి ఏమిటి?” అని అడిగే మాస్టారు, సూరిగారు ఏ అర్థంలో ఆ పేరు పెట్టారో ఒక్కసారైనా ఆలోచించాలి.

బద్దెన పేరుతో నడుస్తున్న సుమతి పద్యాలు చూడండి. “తెప్పలుగ చెరువు నిండిన కప్పలు పదివేలు చేరు” అన్నది లోకం ఎలా ఉంటుందో చెప్పడం. డబ్బున్నవాడి దగ్గరికి చుట్టాలు చేరతారన్నాడే కానీ, చేరాలనలేదు, చేరకూడదనీ అనలేదు. “తప్పించుక తిరుగువాడు ధన్యుడు” అన్నది బతకనేర్చిన తెలివి. ఇక “అపకారికి నుపకారము నెపమెన్నక సేయువాడు...” అంటూ ఎంతో ఎత్తుకు తీసుకుపోయి, చివర వాణ్ణి ఏమన్నాడు? పుణ్యాత్ముడనలేదు, ధర్మాత్ముడనలేదు. “నేర్పరి” అన్నాడు! నాకు ఆ శతకంలో అన్నిటికన్నా ఇష్టమైన మాట అదే. క్షమను కూడా నేర్పు కింద జమకట్టినవాడికి నీతి అంటే ఏమిటో బాగా తెలుసు.

మరి ‘ఇలా ఉండాలి’ అని చెప్పే మాట? అది ధర్మం. ఇక్కడ తిక్కనగారిని తలవకుండా ముందుకు పోలేను.

ఒరులే యవి యొనరించిన
నరవర! యప్రియము తన మనంబున కగు దా
నొరులకు నవి సేయకునికి
పరాయణము పరమధర్మపథముల కెల్లన్

ఎదుటివాళ్లు ఏం చేస్తే మన మనసు నొచ్చుకుంటుందో అది మనం వాళ్లకు చేయకుండా ఉండటమే ధర్మమార్గాలన్నిటికీ చివరి గమ్యం. అర్థం అందరికీ తెలిసిందే. క్రియలు చూడండి. ఎక్కడా ‘చేయవలదు’ లేదు, ‘చేయకుమీ’ లేదు. “సేయకునికి” అన్నాడు, చేయక ఉండటం. ఆజ్ఞ అనేదే లేకుండా ధర్మం చెప్పాడు. పద్యం మొదలయ్యేది మనస్తత్వంతో: తన మనసుకు అప్రియం కావడం అనే అనుభవం. పూర్తయ్యేది ధర్మపథంతో. 18వ శతాబ్దిలో స్కాట్లాండు తత్త్వవేత్త హ్యూమ్ ఒక అభ్యంతరం లేవదీశాడు: రచయితలు ‘ఉంది’, ‘లేదు’ అంటూ వస్తూ వస్తూ, ఎప్పుడు మారారో తెలియకుండానే ‘ఉండాలి’, ‘ఉండకూడదు’లోకి జారుకుంటారని. తిక్కన కూడా ఆ గట్టు నుంచి ఈ గట్టుకు వచ్చాడు కానీ, ‘ఉండాలి’ అనే మాట పైకి అనకుండా వచ్చాడు. హ్యూమ్ దీనికి ఏమనేవాడో మీ నోట్సు రాసినవారిని అడగండి.

ఇప్పుడు మీ వాక్యానికి వద్దాం. “మానవ ప్రవర్తనను వివరించే నైతిక సిద్ధాంతాలు” అన్నప్పుడు రెండు పనులు కలగాపులగమయ్యాయి. జనం ఎలా ప్రవర్తిస్తారో వివరించేది మనస్తత్వశాస్త్రం, సమాజశాస్త్రం చేసే పని. ఎలా ప్రవర్తించాలో తర్కించేది నీతిశాస్త్రం పని. పైగా “నైతిక సిద్ధాంతం” అంటే నీతిగల సిద్ధాంతం అనే అర్థం కూడా తోస్తుంది, దాని పక్కన అనైతిక సిద్ధాంతం ఒకటి నిలబడినట్టు ఉంటుంది. “నీతి సిద్ధాంతం” అంటే ఆ చిక్కు లేదు. అయితే నేను మరీ గట్టిగా పట్టుబట్టలేను. ఒకప్పటి అర్థశాస్త్రం ఇవాళ కౌటిల్యుడికే మిగిలింది, కాలేజీలో చెప్పేది ఆర్థికశాస్త్రం అయిపోయింది. నైతికశాస్త్రం కూడా అలాగే గెలిచినా ఆశ్చర్యపోను.

సిద్ధాంతం అంటే పూర్వపక్షాన్ని, అంటే ఎదుటివాడి వాదాన్ని, ఖండించాక తేలిన నిర్ణయం. ఒప్పును ఫలితంతో కొలవాలన్నాడు ఇంగ్లండు తత్త్వవేత్త బెంథామ్, కర్తవ్యంతో కొలవాలన్నాడు జర్మనీ తత్త్వవేత్త కాంట్. ఒకరిది ఒకరికి పూర్వపక్షమే. తేలని తగాదాలో ఇద్దరినీ సిద్ధాంతులనడం నా చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది, పంచాంగాలు రాసుకునేవాళ్లలా ధ్వనిస్తుంది. నేనైతే ఉపయోగితావాదం, కర్తవ్యవాదం అంటాను. వాదమంటే తగువు కాదు. న్యాయశాస్త్రంలో (కోర్టులది కాదు, మన పాత తర్కశాస్త్రం) సత్యం కోసం సాగేది వాదం, గెలుపు కోసం సాగేది జల్పం, తన పక్షమంటూ లేకుండా ఎదుటిదాన్ని పడగొట్టడమే వితండ. ఆ లెక్కన మనం రోజూ అనే ‘వితండవాదం’ కుదరదు. కానీ టీవీ చర్చలకు అంతకన్నా తగిన మాట దొరకదు, ఉండనివ్వండి.

అసలు నిషేధించదగ్గది ‘నైతిక మద్దతు’. సమ్మె చేసేవాళ్లకు ఎవరో అండగా నిలబడితే అందులో నీతి ఎక్కడ? ‘మాటసాయం’ అని నిక్షేపంలాంటి మాట ఉండగా ఇంగ్లీషు మోరల్‌ను మోసుకురావడం దేనికి? పత్రికలవాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా వినరు.

ఇక సంఘమా, సమాజమా? సంఘసంస్కర్త అన్న రోజుల్లో సంఘమే. ఇప్పుడు సంఘమంటే ఉద్యోగుల యూనియనో, పొదుపు సంఘమో గుర్తొస్తుంది కాబట్టి సమాజశాస్త్రం మేలు. ఒక్క జాగ్రత్త: “పశూనాం సమజోఽన్యేషాం సమాజః” అన్నాడు అమరకోశం రాసిన అమరసింహుడు. పశువుల మంద సమజం, తక్కినవారి గుంపు సమాజం. పరీక్షలో తొందరపడి దీర్ఘం వదిలేయకండి.