సఫారీ సందేహాలు: ఏనుగుకు దారి, ఊరికి మర్యాద

ప్రశ్న: మా అబ్బాయి జొహన్నెస్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. జూన్‌లో మమ్మల్ని తన కారులోనే క్రూగర్ వన్యప్రాణి పార్కుకు తీసుకెళ్తానంటున్నాడు. ఏనుగు ఎదురైతే ఏం చేయాలి? మా ఇద్దరికీ అరవై దాటాయి.
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: జూన్ మంచి నెలండి. వానలుండవు, గడ్డి ఎండి పలచబడుతుంది, జంతువులు నీటి మడుగుల దగ్గరికి చేరతాయి. తెల్లవారుజామున చలి గట్టిగా ఉంటుంది, స్వెటర్లు పెట్టుకోండి. ఆ నెలలో పార్కు గేట్లు ఉదయం 6 నుంచి సాయంత్రం 5.30 వరకే తెరిచి ఉంటాయి. తారు రోడ్డు మీద గంటకు 50, మట్టి రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు. గేటు మూసేస్తారని ఆఖరి గంటలో తొందరపడితే మలుపు తిరగగానే ఏనుగు మీదికే పోతారు. అందుకే మధ్యాహ్నం మూడు దాటాక గేటు వైపే తిరగమనండి.

ఏనుగు కనబడితే కనీసం 50 మీటర్ల ఇవతలే ఆపాలి. ఇంజన్ ఆపొద్దు, హారన్ కొట్టొద్దు. వెనక్కి పోయే దారి ఖాళీగా ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఒకటి రోడ్డు దాటగానే కదలకండి, పొదల్లో ఇంకా ఉంటాయి. గున్నకూ తల్లికీ మధ్య కారు పడటమే అన్నిటికన్నా ప్రమాదం. చెవులు విప్పి, తల ఎత్తి, ఘీంకరిస్తూ ముందుకొస్తే చాలాసార్లు అది బెదిరింపే. అప్పుడే నెమ్మదిగా రివర్స్‌లో జరగండి. చెవులు వెనక్కి అదిమి, తొండం లోపలికి ముడిచి, చప్పుడు లేకుండా వస్తే ఇక బెదిరింపు కాదు, దాడే. కణత తడిగా ఉన్నంత మాత్రాన మదం అనుకోకండి. ఆఫ్రికా ఏనుగుల్లో ఆడవాటికీ ఉద్రేకంలో కణతలు తడుస్తాయి. మగ ఏనుగుకు మూత్రం చుక్కలుగా కారుతూ వెనక కాళ్లు తడిసి ఉంటే అది మదమే. దాని దారిలో అసలు ఉండకూడదు.

క్రూగర్‌లో మలేరియా ఉంది, మందుల గురించి ముందే డాక్టర్‌ను అడగండి. ఇథియోపియాలోని అడిస్ అబాబా, కెన్యాలోని నైరోబీల మీదుగా వెళ్తుంటే, అక్కడ ఉండే ఎల్లో ఫీవర్‌కు టీకా సంగతీ చూసుకోవాలి. ఆ టీకా హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. అరవై దాటినవారికి దుష్ప్రభావాల భయం కాస్త ఎక్కువ, కాబట్టి ఆ దేశాలు తగలని విమానం దొరికితే అదే మేలు.

ప్రశ్న: జింబాబ్వే రైతులు మిరపకాయలతో ఏనుగులను ఆపుతారట. మా పల్లి చేన్లో అడవి పందులకు అది పనికొస్తుందా?
– ఒక రైతు, అచ్చంపేట

జవాబు: అక్కడ చేను చుట్టూ గుంజలు పాతి తాడు కడతారు. దంచిన మిరపను వాడేసిన ఇంజన్ ఆయిల్‌లో కలిపి తాడుకూ, దానికి వేలాడే గుడ్డపేలికలకూ పూస్తారు. ఏనుగు పేడలో మిరప కలిపి, ఇటుకల్లా ఎండబెట్టి, రాత్రిళ్లు పొగ కూడా పెడతారు. వాసన తొండానికి తగిలితే ఏనుగు వెనక్కి తిరుగుతుంది. ఆయిల్ ఘాటును పట్టి ఉంచుతుంది గానీ గట్టి వాన పడితే మళ్లీ పూయాల్సిందే. గాలి చేను వైపు తిరిగితే పొగ పనిచేయదు.

పంది మాత్రం ఆ తాడు కింద నుంచే దూరిపోతుంది, దాన్నే నమ్ముకోకండి. తాడును మోకాలి కిందికి దించి, ముందు ఒక మూల కట్టి చూడండి. కరెంటు తీగ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. అది నేరం, పొరుగు రైతు ప్రాణం కూడా పోతుంది.

ప్రశ్న: బోట్స్వానా పల్లెలకు వెళ్తే పిల్లలకు చాక్లెట్లు పంచొచ్చా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: వద్దండి. వచ్చే ప్రతి కారు వెంటా పిల్లలు పరుగెత్తడం అలవాటవుతుంది. నోటు పుస్తకాలు, పెన్నులు తీసుకెళ్లి బడి ప్రధానోపాధ్యాయులకే ఇవ్వండి. పెద్దవాళ్లు ఎదురైతే మగవారికి 'డుమేలా రా', ఆడవారికి 'డుమేలా మా' అని పలకరించాకే ఏదైనా అడగాలి. ఇచ్చేటప్పుడూ తీసుకునేటప్పుడూ కుడిచేయి చాచి, ఎడమచేత్తో కుడి ముంజేతిని తాకితే మర్యాద. ఫొటోకు పెద్దల అనుమతి తప్పనిసరి, ఒద్దంటే కెమెరా సంచిలో పెట్టేయండి.