చేతుల తిమ్మిరి వయసు వల్ల కాదు తమ్ముడూ

47 ఏళ్లకు హైదరాబాద్ నుంచి కన్యాకుమారి బైక్ మీద వెళ్దామంటే ఇంట్లో నవ్వుతున్నారనీ, 150 కి.మీ. దాటగానే చేతులు తిమ్మిరెక్కుతున్నాయనీ రాశావు. నాకు 52. నాదీ అదే కథ.

హ్యాండిల్‌ని బిగించి పట్టుకుంటున్నావేమో చూసుకో. మోకాళ్లతో పెట్రోల్ ట్యాంకును నొక్కి పట్టు, చేతులు వదులుగా ఉంచు. క్లచ్, బ్రేక్ లివర్లను మెకానిక్‌తో కాస్త కిందికి తిప్పించు, మణికట్టు వంగకూడదు. గంటకోసారి ఆగి నడువు. బండి దిగాక కూడా తిమ్మిరి పోకపోతే మాత్రం డాక్టర్‌కి చూపించు.

ముందు శ్రీశైలం వెళ్లిరా. తెల్లవారుజామున బయల్దేరు, నల్లమల అడవి మొదట్లో ఉన్న మన్ననూరు చెక్‌పోస్ట్ దగ్గర బండ్లని రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఎలాగూ వదలరు. అది దాటాక నల్లమల గాలి హెల్మెట్‌లోకి చల్లగా దూరుతుంది. ఈఎంఐలు, పిల్లల ఫీజులు అన్నీ ఎక్కడో వెనకబడిపోతాయి. పాతికేళ్లప్పుడు నేనీ అడవిని చూడనేలేదు, స్పీడోమీటర్‌నే చూశాను!

కన్యాకుమారికి సుమారు 1,250 కి.మీ. నాలుగు రోజులు పెట్టుకో. చీకటి పడ్డాక బండి నడపనని ఇంట్లో మాటివ్వు, సగం టెన్షన్ తగ్గుతుంది వాళ్లకి.