లాక్ ఫైన్ ఒడ్డున చెక్క లాడ్జి: పది శాతం నిజంగా వస్తుందా?

ప్రశ్న: మేమిద్దరం గ్లాస్గోలో ఐటీ ఉద్యోగులం. వచ్చి పదకొండేళ్లయింది, ఇద్దరు పిల్లలు, సొంతింటి మీద మార్ట్‌గేజ్ నడుస్తోంది. స్కాట్లాండ్‌లోని లాక్ ఫైన్ ఒడ్డున రెండు బెడ్‌రూమ్‌ల చెక్క లాడ్జి 1,65,000 పౌండ్లకు అమ్మకానికి వచ్చింది. చుట్టూ చెట్లు, ఎదురుగా సముద్రపు పాయ, చాలా ప్రశాంతంగా ఉంది. ఏడాదిలో 22 వారాలు, వారానికి సగటున 750 చొప్పున అద్దెకు పోతుందని, అంటే 10 శాతం రాబడి అని అమ్మేవాళ్లు చెబుతున్నారు. సర్వీస్ చార్జి ఏడాదికి 2,400. శంకర్‌పల్లి ప్లాటు అమ్మి, కొంత సేవింగ్స్ కలిపి కొందామనుకుంటున్నాం. పిల్లల సెలవుల్లో మేం వాడుకుని మిగతా రోజులు అద్దెకిస్తాం. మంచి పెట్టుబడేనా?

జవాబు: పెట్టుబడి అనుకుంటే వద్దండి. కుటుంబం సరదా కోసం పెట్టే ఖర్చు అనుకుంటే ఆలోచించొచ్చు. ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే ఆ 10 శాతం అంత ముద్దొస్తోంది.

మీకు ఇప్పటికే ఇల్లుంది కాబట్టి ఎల్‌బీటీటీ (స్కాట్లాండ్‌లో ఇల్లు కొంటే కట్టే మామూలు పన్ను) మీద ఏడీఎస్ అనే అదనపు పన్ను పడుతుంది. 2024 డిసెంబర్ నుంచి అది 8 శాతం, అదీ మొత్తం ధర మీద. అంటే 13,200 పౌండ్లు. ఎల్‌బీటీటీ ఇంకో 400. (హైదరాబాద్‌లో ఫ్లాట్ ఉంచుకుని స్కాట్లాండ్‌లో మొదటి ఇల్లు కొనేవాళ్లూ జాగ్రత్త. ఏడీఎస్‌కి ప్రపంచంలో ఎక్కడున్న ఇల్లయినా లెక్కే.) సొలిసిటర్ (లాయర్), సర్వే ఖర్చులు కూడా వేసుకుంటే మీ చేతి నుంచి పోయేది ఎంత తక్కువన్నా 1,80,000.

ఇక వచ్చేది చూద్దాం. 22 వారాలకు 16,500. నేను వేసిన అంచనాలు ఇవి: బుకింగ్ సైట్ల కమిషన్ 3,000, గెస్టులు మారిన ప్రతిసారీ క్లీనింగ్, దుప్పట్ల ఉతుకు కలిపి 2,000, కరెంటు, వైఫై, ఇన్సూరెన్స్, రిపేర్లు 3,000, లైసెన్స్, సేఫ్టీ సర్టిఫికెట్లు 500. మీ సర్వీస్ చార్జి కూడా తీసేస్తే మిగిలేది 5,600. మీ జీతాలకు స్కాట్లాండ్‌లో 42 శాతం పన్ను శ్లాబు పడుతుందనుకుంటే చేతికొచ్చేది సుమారు 3,250. పెట్టిన డబ్బు మీద 1.8 శాతం. హాలిడే లెట్స్‌కి ఉండే ప్రత్యేక పన్ను రాయితీలు 2025 ఏప్రిల్‌తో పోయాయి కాబట్టి అక్కడా ఊరట లేదు.

అదీ 22 వారాలూ నిండితేనే. ఎక్కువ అద్దె వచ్చేది జులై, ఆగస్టుల్లో. పిల్లల సెలవులూ అప్పుడే కదా! ఆ వారాలు మీరే వాడుకుంటే నవంబర్ వానల్లో ఎవరొస్తారు? గ్లాస్గో నుంచి వెళ్లే ఏ83 రోడ్డు రెస్ట్ అండ్ బీ థాంక్‌ఫుల్ దగ్గర కొండచరియలు విరిగిపడి మూతపడటం మీకు తెలిసిందే. అలాంటి వారంలో బుకింగ్ క్యాన్సిలైతే నష్టం మీదే. పైగా ఉప్పుగాలికి, వానకి బయటి చెక్కకి కొన్నేళ్లకోసారి కోటింగ్ వేయించాలి, మేకులు, హింజ్‌లు తుప్పు పడతాయి. ఆ పెద్ద ఖర్చులేవీ పై లెక్కలో లేవు.

ప్లాటు సంగతికొస్తే, దాన్ని అమ్మడం మంచిదే కావచ్చు గానీ దీనికోసం కాదు. ఇండియాలో దీర్ఘకాల లాభం మీద 12.5 శాతం, పైన సర్‌చార్జి, సెస్సు. ఎన్నారై అమ్ముతున్నాడంటే కొనేవాళ్లు టీడీఎస్ పట్టుకునే ఇస్తారు. మీరు ఇక్కడ రెసిడెంట్లు కాబట్టి అదే లాభం మీద బ్రిటన్‌లోనూ 24 శాతం దాకా పన్ను పడుతుంది. అక్కడ కట్టింది మినహాయించుకుని మిగతాది ఇక్కడ కట్టాలి. డబ్బు ఎన్ఆర్ఓ ఖాతా (ఇండియాలో ఎన్నారైల రూపాయి ఖాతా) నుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల వరకు తెచ్చుకోవచ్చు, ఆ ఇబ్బందేమీ లేదు.

మీ ఉత్తరంలో ఒక ముఖ్యమైన విషయం లేదు: స్థలం మీ పేరున రిజిస్టర్ అవుతుందా, లేక హాలిడే పార్క్‌లో ఆ చోటు వాడుకునే లైసెన్స్ మాత్రమేనా? సర్వీస్ చార్జి చూస్తే నాకు అనుమానంగా ఉంది. లైసెన్సే అయితే పైన చెప్పిన ఏడీఎస్ పడకపోవచ్చు. కానీ ఏళ్లు గడిచేకొద్దీ కారు ధరలాగా విలువ దిగిపోతుంది, తిరిగి అమ్మేటప్పుడు పార్క్ యజమాని కమిషన్ కూడా తీసుకుంటాడు. అలాగైతే ఈ ధరకు అసలు ముట్టుకోకండి.

నేనైతే ఏం చేస్తానంటే, అదే ఒడ్డున ఏటా మూడు వారాలు అద్దెకు తీసుకుంటాను. సీజన్ రేటు వారానికి వెయ్యి అనుకున్నా 3,000. సేవింగ్స్‌ని ముందు మార్ట్‌గేజ్‌కి ఎక్స్‌ట్రాగా కడతాను (చాలా ఫిక్స్‌డ్ డీల్స్‌లో ఏటా 10 శాతం దాకా పెనాల్టీ ఉండదు), మిగిలింది ఇద్దరి ఐసాల్లో (రాబడి మీద పన్ను పడని పొదుపు ఖాతాలు) ఏడాదికి చెరో 20,000 పరిమితి వరకు వేస్తాను.

అయినా మనసు అక్కడే ఉందంటారా? అయితే ఫిబ్రవరిలో ఓ వారం అద్దెకు దిగి చూడండి. ఆ తర్వాత సొలిసిటర్‌తో టైటిల్ షీట్ (స్థలం ఎవరి పేరున ఉందో చూపే రిజిస్టర్ పత్రం) తెప్పించండి, సెప్టిక్ ట్యాంక్ సెపాలో (స్కాట్లాండ్ పర్యావరణ సంస్థ) రిజిస్టరై ఉందో లేదో, సెకండ్ హోమ్‌కి కౌన్సిల్ ట్యాక్స్ (స్థానిక ఇంటి పన్ను) రెట్టింపు పడుతుందో లేదో అడగండి. పాత యజమానికి షార్ట్ టర్మ్ లెట్ లైసెన్స్ (కొద్దిరోజుల అద్దెకిచ్చే అనుమతి) ఉంది కదా అని మీరు మర్నాడే గెస్టుల్ని దించలేరు. దానికి ముందు కౌన్సిల్ ఆమోదం కావాలి. ఇవన్నీ తేలాకే ఆఫర్ పంపండి. స్కాట్లాండ్‌లో రెండువైపులా సొలిసిటర్ల ఉత్తరాలు ఖాయమయ్యాక వెనక్కి తగ్గితే నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు.