కదిలిందల్లా ఇన్‌పుట్ కాదే, శ్రావణీ

చి. శ్రావణికి అత్తయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. చేత్తో పట్టుకుని ఆడే గేమ్ కన్సోల్‌కి లినక్స్ డ్రైవర్లు (చిప్‌లని నడిపించే ప్రోగ్రాములు) రాసేది మా అమ్మాయేనని ఒకటే మురిసిపోయాడు. నాకూ గర్వంగానే ఉంది. కానీ ఆ వెంటనే, "యాక్సిలరోమీటర్, గైరో రెండిట్నీ మౌస్ లాగా ఇన్‌పుట్ డివైజులు చేసేస్తుందట" అని, అర్థం కాకపోయినా నువ్వు చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పాడు. యాక్సిలరోమీటర్ కుదుపునీ వంపునీ, గైరో తిరుగుడునీ కొలిచే సెన్సర్లు కదే, మనిషి నొక్కే మీటలు కావు. ఇక నాకు నిద్రెక్కడిది?

డేటాషీట్ చివరిదాకా చదువు. బోర్డు మీద చిప్ ఎటు తిరిగి ఉందో చూసి, దాని ప్రకారం అక్షాల్ని సరిచేసే మౌంట్ మ్యాట్రిక్స్ రాయి. సస్పెండ్‌లో చిప్‌ని పడుకోబెట్టు. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియనిది చెప్తాను విను. నేను పాత కంపెనీలో ఉండగా ఊళ్ళు తిరిగే ఆరోగ్య కార్యకర్తల కోసం ఒక టాబ్లెట్ చేశారు. చిప్ అమ్మినవాళ్ళు ఇచ్చిన నమూనా డ్రైవర్ యాక్సిలరోమీటర్‌ని జాయ్‌స్టిక్ లాగా చూపించేది. మా సీనియర్ ఒకాయన దాన్నే దించేశాడు. స్క్రీన్ తిప్పడానికి మూడు అక్షాలు చాలు కదా అన్నాడు. చిప్ నాయిస్‌కి విలువలు ఊగుతుంటే ఫజ్ (చిన్న మార్పుల్ని పట్టించుకోని హద్దు) పెంచి ఆపాడు. ల్యాబ్‌లో బల్ల మీద బ్రహ్మాండంగా పనిచేసింది. డెమోకి చప్పట్లు కూడా పడ్డాయి.

తర్వాత అది బస్సెక్కింది. సంచిలో ఉన్న టాబ్లెట్ గతుకు పడ్డప్పుడల్లా ఒక ఈవెంట్ (ఏదో కదిలిందన్న కబురు) పంపేది. ఏ ఇన్‌పుట్ నుంచి ఈవెంట్ వచ్చినా "మనిషి వాడుతున్నాడు" అనుకోవడం మా పై సాఫ్ట్‌వేర్ అలవాటు. అందుకని స్క్రీన్ ఆరేది కాదు. కార్యకర్త ఊరు చేరేసరికి సంచి వేడెక్కేది, బ్యాటరీ ఖాళీ అయ్యేది. బ్యాటరీ నాసిరకమని సరఫరాదారుని తిట్టారు. బ్యాటరీ మార్చినా రోగం పోలేదు. అసలు కారణం దొరికాక ఆ డ్రైవర్‌ని తీసేద్దామంటే, అప్పటికే ఇంకో టీమ్ యాప్ ఆ జాయ్‌స్టిక్‌నే చదువుతోంది! యూజర్‌స్పేస్‌కి, అంటే పైన నడిచే యాప్‌లకి, ఒకసారి చూపించినదాన్ని వెనక్కి లాక్కోవడం ఎంత కష్టమో అప్పుడు చూశాను. నా భయమంతా అదే.

మనవాళ్ళే కాదులే, ముందునుంచీ ఈ తికమక ఉంది. 2003లో ఐబీఎం థింక్‌ప్యాడ్‌లో యాక్సిలరోమీటర్ పెట్టింది ల్యాప్‌టాప్ కింద పడేలోగా హార్డ్ డిస్క్ హెడ్‌ని పక్కకు తప్పించడానికి. 2005లో లినక్స్‌కి వచ్చిన డ్రైవర్ దాన్ని జాయ్‌స్టిక్‌గా కూడా చూపించింది. ల్యాప్‌టాప్ వంచి ఆటలాడటం సరదాగానే ఉండేది. కానీ ఇలాంటి మెషీన్లలో కొన్ని ఆటలు అసలు గేమ్‌ప్యాడ్‌ని వదిలేసి దీన్ని పట్టుకునేవి, బొమ్మ దానంతటది పక్కకి నడిచిపోయేది.

ఇంకోటి. లినక్స్‌లో ఇన్‌పుట్‌లన్నిటినీ చూసుకునే ఇన్‌పుట్ కోర్, అక్షం విలువ మారకపోతే ఆ ఈవెంట్‌ని పైకి పంపదు. స్టిక్‌కి అది చాలు. గైరో రీడింగులు కూడి కోణం కట్టే కోడ్‌కి మాత్రం విలువ మారలేదో, శాంపిల్ పోయిందో తెలియదు. ప్లేస్టేషన్ 5 కంట్రోలర్ డ్యూయల్‌సెన్స్‌కి ఉన్న డ్రైవర్ చూడు: మోషన్ సెన్సర్లని బటన్ల నుంచి విడదీసి వేరే డివైజుగా పెట్టి, ప్రతి రీడింగ్‌తో టైమ్‌స్టాంప్ పంపుతుంది. అక్కడ ఇన్‌పుట్ అనడం న్యాయమే, ఆ కంట్రోలర్‌ని మనిషి కావాలనే కదుపుతాడు. నీ కన్సోల్ అలా కాదు. ఆడేటప్పుడు గురి పెట్టేదీ, సంచిలో ఊగేదీ ఒకటే చిప్.

అందుకని చిప్‌ని లినక్స్‌లో సెన్సర్ల కోసం ఉన్న ఐఐఓ విభాగంలో పెట్టు. 2009 నుంచి లినక్స్ గుండెకాయైన కెర్నల్‌లో ఉన్నది ఇలాంటివాటికే. రీడింగులు దాచే బఫర్, టైమ్‌స్టాంప్, శాంప్లింగ్ రేటు అన్నీ అక్కడే దొరుకుతాయి. స్క్రీన్ తిప్పే పని ఐఐఓ సెన్సర్ ప్రాక్సీ అనే ప్రోగ్రాం చూసుకుంటుంది. ఆట ముందుకొచ్చి గైరో అడిగినప్పుడు మాత్రం ప్రోగ్రాం నుంచే ఇన్‌పుట్ డివైజు సృష్టించనిచ్చే యూఇన్‌పుట్‌తో ఒక వర్చువల్ డివైజు పుట్టించు, ఆట పక్కకి పోగానే తీసెయ్యి. కోడ్ కాస్త ఎక్కువవుతుంది, ఏం పర్లేదు.

"ఎవరు చదివితే ఏంటి, ఒట్టి కదలికే కదా" అంటావేమో. చెవి మెలేస్తాను. ఫోన్ కదలికల్ని బట్టి టచ్‌స్క్రీన్ మీద ఏ అంకె నొక్కారో ఊహించవచ్చని 2011లోనే పరిశోధకులు చూపించారు. గైరోతో మాటల్ని కొంతవరకు పట్టవచ్చని 2014లో తేలింది. ఆండ్రాయిడ్ 12 ప్రత్యేక అనుమతి లేని యాప్‌లకి 200 హెర్ట్జ్ (సెకనుకి 200 రీడింగులు) దగ్గర గీత గీసింది. నీ డివైజుకి యూడెవ్ (డివైజుల పేర్లూ అనుమతులూ చూసే ప్రోగ్రాం) జాయ్‌స్టిక్ ముద్ర వేసిందనుకో, మామూలుగా లాగిన్ అయినవాళ్ళ ప్రతి ప్రోగ్రామూ అనుమతి అడక్కుండానే చదివేస్తుంది. ఆ కన్సోల్ పట్టుకునేది ఎక్కువగా పిల్లలే, మర్చిపోకు.

డిజైన్ నోట్ రాసి శనివారంలోగా పంపు, ఎర్ర పెన్నుతో కూర్చుంటాను. మేనేజర్ తొందర పెడుతున్నాడని మాత్రం చెప్పకు. రాత్రి ఒంటిగంట దాకా ఆఫీసులోనే ఉంటున్నావటగా, ఆ సంగతి మీ అమ్మతో మాట్లాడి విడిగా తేలుస్తాను.

మీ అత్తయ్య