పెరటి ప్రశ్నలు: చలిదేశంలో క్లెమాటిస్ తీగకు మొదటి ఏడాది

విదేశాల్లో ఇల్లు కొనుక్కున్న పాఠకులు ఈమధ్య క్లెమాటిస్ గురించి ఎక్కువగా అడుగుతున్నారు. అరచేయంత పూలు పూసే ఈ తీగను చలిప్రాంతాల్లో గోడలకీ, కంచెలకీ పాకిస్తారు. కొత్తగా నాటినవాళ్ల ప్రశ్నలన్నీ ఈ నెల ఒకచోట చేర్చాం.

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటాం. ఏప్రిల్ చివర్లో నర్సరీ నుంచి 'నెల్లీ మోజర్' రకం తెచ్చాం. రెండు లీటర్ల కుండీలో, వెదురుపుల్లకు కట్టి, రెండడుగుల ఎత్తుంది. పెరటి గోడను ఆనించి నాటదామనుకుంటున్నాం. మన ఊళ్లో మల్లెతీగ నాటినట్టే నాటవచ్చా?

జవాబు: గొయ్యి తవ్వడం వరకూ అంతే. తర్వాత రెండు తేడాలున్నాయి. మొక్క నిలదొక్కుకోవడం వాటిమీదే ఆధారపడి ఉంటుంది.

మొదటిది, గోడకు ఎంత ఎడంగా నాటాలన్నది. ఎంత వాన పడినా గోడ మొదట్లో మట్టి పొడిగానే ఉంటుంది. చూరు కొంత వానను ఆపేస్తుంది, ఇటుకలు కొంత తేమను పీల్చుకుంటాయి. అందుకని గోడకు కనీసం 30 సెం.మీ., వీలైతే 45 సెం.మీ. ఎడంగా నాటి, మొక్కను గోడవైపు ఏటవాలుగా వంచండి. నర్సరీవాళ్లు కట్టిన వెదురుపుల్లను విప్పకండి. దాన్నే గోడవైపు వాల్చండి. ఈ తీగ కాడలు చూడ్డానికి సన్నగా, వంగేలా ఉంటాయి కానీ చాలా పెళుసు. కాస్త మెలితిప్పితే కణుపు దగ్గర పుటుక్కున విరిగిపోతాయి.

రెండోది లోతు. కుండీలో ఉన్న మట్టానికే నాటాలని, మొదలు మట్టిలో మునిగితే కుళ్లుతుందని మనం నేర్చుకున్నాం. పెద్దపూల క్లెమాటిస్‌కి అది వర్తించదు. వేరుముద్ద పైభాగం నేలమట్టానికి 5 నుంచి 8 సెం.మీ. కిందికి పోవాలి, అంటే అడుగునున్న ఒకటి రెండు కణుపులు మట్టిలో ఉండాలి. ఆ కణుపుల్లో మొగ్గలు అణిగి ఉంటాయి. పైన తెగులు సోకినా, స్లగ్‌లు (గుల్ల లేని నత్తలు) కొరికినా, ఆడుకునే పిల్లల బంతి తగిలి కాడ విరిగినా, అడుగునుంచి కొత్త పిలకలు వస్తాయి. పైపైన నాటిన మొక్కకు ఆ అవకాశం ఉండదు. నెల్లీ మోజర్‌కి ఇది తప్పనిసరి. మోంటానా, ఆల్పైనా, ఏడాది పొడవునా ఆకు నిలిచే ఆర్మాండీ రకాలను మాత్రం కుండీ మట్టానికే నాటాలి.

గొయ్యి 45 సెం.మీ. వెడల్పు, అంతే లోతు ఉండాలి. అడుగు మట్టిని ఫోర్కుతో గుల్ల చేయండి. తవ్వితీసిన మట్టిలో మూడోవంతు చివికిన కంపోస్టు, గుప్పెడు ఎముకల పొడి కలపండి. మీది బంకమట్టి అయితే నాటేముందు గొయ్యి నిండా నీళ్లు పోసి వదిలేయండి. మర్నాటికీ నీరు నిలిచే ఉంటే ఆ చోటు పనికిరాదు, చలికాలంలో వేర్లు కుళ్లిపోతాయి. నీరు ఇంకితే ఇక దిగులు లేదు. మొక్కను కుండీతో సహా బకెట్ నీళ్లలో ముంచి, బుడగలు రావడం ఆగేదాకా, అంటే ఓ పావుగంట, ఉంచండి. పొడి వేరుముద్దను పాతితే ఆ తర్వాత పోసిన నీళ్లు దాని పక్కనుంచి జారిపోతాయే తప్ప లోపలికి దిగవు. క్లెమాటిస్ వేర్లు బూటు తాళ్లలా పొడుగ్గా, లావుగా ఉంటాయి. కుండీ అడుగున చుట్టలు తిరిగినవాటిని వేళ్లతో మెల్లగా వదులు చేయండి. నాటి, మట్టి అదిమి, పాదు కట్టి 10 లీటర్ల నీళ్లు పోయండి.

ఏ దిక్కు గోడ అన్నది మీరు రాయలేదు. నెల్లీ మోజర్ పూరేకుల మధ్య ముదురు గులాబి చార ఉంటుంది. రోజంతా ఎండ పడితే అది వెలిసిపోతుంది. దక్షిణపు గోడ కంటే పడమర గోడ దీనికి నయం, ఉత్తరపు గోడ మీద కూడా పూస్తుంది.

ప్రశ్న: ఎడిన్‌బరోలో మార్చిలో నాటాం. రోజూ చెంబుడు నీళ్లు పోస్తున్నా ఆకుల అంచులు ఎండుతున్నాయి. 'తల ఎండలో, కాళ్లు నీడలో' ఉండాలంటూ పక్కింటివాళ్లు మొదట్లో పలకరాళ్లు పేర్చమన్నారు.

జవాబు: చెంబుడు నీళ్లు పై అంగుళం మట్టిని తడిపి ఆగిపోతాయి. వేర్లు 20, 30 సెం.మీ. కింద ఉంటాయి. రోజూ కొంచెం కొంచెం పోయడం మాని, వాన లేని వారాల్లో వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 10 లీటర్లు, పాదులో నెమ్మదిగా ఇంకేలా పోయండి. జల్లు పడింది కదా అని మానేయొద్దు. వేలు రెండో కణుపుదాకా మట్టిలోకి గుచ్చి చూడండి, అక్కడ పొడిగా తగిలితే నీళ్లు కావాలన్నట్టే. నాటిన తర్వాత రెండు వేసవులూ ఇలాగే చూసుకోవాలి.

ఇక ఆ సామెత సంగతి. ఈ తీగ వేర్లకు కావలసింది నీడ కాదు, తేమ. నీడలో తేమ నిలుస్తుంది కాబట్టి ఆ మాట వచ్చింది. పలకరాళ్ల కింద చల్లగా ఉంటుంది నిజమే, కానీ పగలంతా స్లగ్‌లు దాక్కునేదీ అక్కడే. లేత చిగురున్న మొదటి ఏడాది రాళ్లు వద్దు. చివికిన ఆకుల ఎరువు గానీ, బెరడు ముక్కలు గానీ 5 నుంచి 7 సెం.మీ. మందాన పరిచి, కాడ చుట్టూ జానెడు చోటు ఖాళీగా వదలండి.

ఎరువు దగ్గర తొందరపడొద్దు. ఎముకల పొడి, కంపోస్టు వేసి నాటిన మొక్కకు మొదటి రెండు నెలలు ఇంకేమీ అక్కర్లేదు. తర్వాత పొటాష్ ఎక్కువగా ఉండే టొమాటో ద్రవ ఎరువును డబ్బా మీద చెప్పిన మోతాదులో రెండు వారాలకోసారి ఇవ్వండి. మొగ్గకు రంగు తిరగగానే ఆపేయండి, విచ్చుకున్నాక కూడా ఇస్తే పూలు త్వరగా రాలిపోతాయి.

ప్రశ్న: కంచెకు లావుపాటి కర్రలు నిలబెట్టాం. తీగ వాటిని పట్టుకోవడం లేదు. ఎందుకని?

జవాబు: బీర, కాకర నులితీగలతో పాకుతాయి. చిక్కుడు తన కాడనే కర్ర చుట్టూ తిప్పుకుంటుంది. క్లెమాటిస్ ఈ రెండూ చేయదు, ఆకుతొడిమతో పట్టుకుంటుంది. చిగురు పక్కన సన్నని తీగ ఒకటి ఉంచి రెండు రోజులాగి చూడండి, ఆకు వెనక తొడిమ ఉంగరంలా ఓ చుట్టు తిరిగి బిగుసుకుని ఉంటుంది. అంత పొట్టి తొడిమ 1 సెం.మీ. కంటే లావుగా ఉన్నదాన్ని చుట్టలేదు. మీ కర్రలమధ్య సన్నని వైరు గానీ, అరచేతి వెడల్పు గళ్లున్న వల గానీ బిగించండి. తొడిమలు పట్టు దొరికించుకునేదాకా 20 సెం.మీ.కి ఒకచోట మెత్తని పురికొసతో వదులుగా కట్టండి. కొత్త కాడల్ని నిట్టనిలువుగా పోనివ్వకుండా మొదటి నెలల్లోనే పక్కలకు విసనకర్రలా పరిస్తే కిందనుంచీ పూస్తాయి, లేకపోతే పూలన్నీ తలమీదే చేరతాయి.

ప్రశ్న: హైదరాబాద్‌లో పెంచవచ్చా?

జవాబు: పెద్దపూల సంకర రకాలకు చలికాలంలో ఆకు రాల్చి విశ్రాంతి తీసుకునే చలి కావాలి, వేసవిలో వేర్లు చల్లగా ఉండాలి. 40 డిగ్రీల మేలో మేడమీద కుండీలో అవి నిలవవు. డబ్బు పెట్టి తెప్పించుకోవద్దనే చెబుతాం. అయితే ఈ జాతి మనకు పరాయిదేమీ కాదు. తోటమాలులు ఇష్టపడే మోంటానా హిమాలయాల తీగ, 1831లో ఇంగ్లండ్ చేరింది.

ప్రశ్న: బర్మింగ్‌హామ్‌లో పోయిన శరదృతువులో నాటాం. జూన్ మొదట్లో ఏడు మొగ్గలు వేసింది. నిన్న పొద్దున బాగానే ఉంది, సాయంత్రానికి ఒక కాడ మొత్తం వాలిపోయింది. ఈరోజు ఆకులు నల్లబడుతున్నాయి. పీకేయాలా?

జవాబు: పీకొద్దు. మొగ్గల్ని చూసి ఆశపడ్డ రోజుల్లోనే ఇలా జరగడం మనసుకు కష్టంగానే ఉంటుంది, కానీ వేరు చాలావరకు క్షేమంగానే ఉండి ఉంటుంది.

ముందు కారణం తేల్చుకోండి, ఎందుకంటే వాలిన ప్రతి కాడా తెగులు కాదు. మోకాళ్లమీద కూర్చుని కాడ మొదట్లో వేలితో తడిమి చూడండి. పీచు పైకి లేచినట్టో, గీకినట్టో ఉంటే స్లగ్ గానీ నత్త గానీ బెరడు తినేసింది. కణుపు దగ్గర చిట్లి ఉంటే గాలికి విరిగింది. మొక్క అంతా ఒకేలా వాడి, నీళ్లు పోసిన రాత్రికి మళ్లీ నిక్కితే అది ఉత్త దాహం. తెగులైతే ఒక కాడే పైనుంచి వాలుతుంది, నీళ్లు పోసినా తేరుకోదు. ఆకుకీ కాడకీ మధ్య తొడిమ నల్లగా మారుతుంది, వాలిన కాడను కోస్తే లోపల ముదురు మరక కనిపిస్తుంది. మీరు రాసిన తీరు చూస్తే ఇదే అనిపిస్తోంది.

దీన్ని వాడుతెగులు అనుకోండి. దీనికి కారణం కేలోఫోమా క్లెమాటిడినా అనే శిలీంధ్రం, పాత తోట పుస్తకాల్లో ఫోమా అని ఉంటుంది. ఆకుమీదో, నేలకు దగ్గరున్న కణుపుమీదో చిన్న పుండుగా మొదలై కాడలోకి దిగి, నీరు పైకి ఎక్కకుండా చేస్తుంది. ఆ పైభాగమంతా ఒక్క పూటలో కూలడానికి కారణం ఇదే. తడిసిన ఆకులు గుబురుగా ఉండి గాలాడని చోట ఎక్కువగా వస్తుంది.

దీనికి పిచికారీ మందుకోసం వెతకొద్దు, కత్తెరే మందు. వాలిన కాడను పైనుంచి కొంచెం కొంచెంగా కోస్తూ దిగండి. కోసిన చోట మరక లేకుండా శుభ్రంగా, లేతరంగులో కనిపించేదాకా ఆగొద్దు. మట్టి లోపలికి దిగాల్సివచ్చినా దిగి కోయండి. ప్రతి కోతకీ బ్లేడును స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడవండి. ముక్కల్ని, రాలిన ఆకుల్ని సంచిలో కట్టి చెత్తబుట్టలో వేయండి, కంపోస్టులో మాత్రం వద్దు. చేతికి గ్లోవ్స్ ఉండాలి, ఈ మొక్క రసం తగిలితే కొందరికి చర్మం మండుతుంది, కడుపులోకి పోతే మంచిది కాదు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ మాట గుర్తుంచుకోండి.

తర్వాత మామూలుగా నీళ్లు పోస్తూ ఉండండి. లోతుగా నాటి ఉంటే కొన్ని వారాల్లోనో, వచ్చే వసంతంలోనో మట్టిలోంచి పిలక వస్తుంది. రాగానే దాన్ని కాపాడాలి. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా అడుగూ మెడా కోసేసి, 15 సెం.మీ. గొట్టంగా చేసి పిలక చుట్టూ 3 సెం.మీ. లోతుకు గుచ్చండి. చుట్టూ ఫెర్రిక్ ఫాస్ఫేట్ స్లగ్ గుళికలు పలచగా చల్లండి. మెటాల్డిహైడ్ అనే పాత స్లగ్ మందు డబ్బా షెడ్డులో ఉంటే వాడొద్దు, బ్రిటన్‌లో ఆరుబయట దాని వాడకాన్ని 2022లో నిషేధించారు.

ఆ చోట మళ్లీ మళ్లీ ఇదే జరిగితే విటిసెల్లా వర్గం రకాలకు మారండి. 'పోలిష్ స్పిరిట్', 'ఎత్వాల్ వియోలెట్' అలాంటివే. పూలు చిన్నవి, కానీ లెక్కపెట్టలేనన్ని పూస్తాయి, వాడుతెగులు వీటిని అంతగా బాధించదు.

ప్రశ్న: కెనడాలోని కాల్గరీలో జూన్‌లో 'జాక్‌మనీ' రకం నాటాం. అక్టోబర్‌కి గోధుమరంగు పుల్లలైపోయింది. చచ్చిపోయిందా? కత్తిరించమని కొందరు, ముట్టుకోవద్దని కొందరు అంటున్నారు.

జవాబు: చావలేదు. ఆకు రాల్చుకుంది, అంతే. గోటితో బెరడు గీకితే పచ్చగా కనిపించవచ్చు. కనిపించకపోయినా కంగారు వద్దు, మీ చలికి నేలపైన ఉన్నదంతా చచ్చినా జాక్‌మనీకి నష్టం లేదు, అది ఆ ఏడాది వేసిన కొత్త కాడలమీదే పూస్తుంది. కాల్గరీకి ఇలాంటి రకమే సరి. మోంటానాని ఎవరైనా అంటగట్టబోతే తీసుకోకండి, అది మీ చలికి ఆగదు, ఆగినా పాత కాడలమీద పూసే రకం కాబట్టి పూలు చూడటం కష్టం.

ఇప్పుడు కత్తిరించవద్దు. నవంబర్‌లో నేల గడ్డకట్టాక మొదలు మీద 10 నుంచి 15 సెం.మీ. మందాన ఎండాకులు గానీ గడ్డి గానీ కప్పండి. గడ్డకట్టకముందే కప్పితే ఎలుకలు అందులో కాపురం పెడతాయి. మీ దగ్గర చలికాలం మధ్యలో చినూక్ అనే వెచ్చని పొడిగాలి వీచి మంచు కరిగి, రెండు రోజుల్లో మళ్లీ గడ్డకడుతుంది. నేల అలా ఉబ్బి అణుగుతూ ఉంటే కొత్త వేర్లు తెగుతాయి. కప్పు ఉంటే నేల ఒకే తీరున ఉంటుంది.

ఏప్రిల్ చివర్లో కప్పును పక్కకు తీయండి. కణుపుల్లో మొగ్గలు ఉబ్బుతుంటాయి. నేలనుంచి 30 సెం.మీ. దగ్గర బలమైన మొగ్గల జత చూసుకుని, దానికి సరిగ్గా పైన కోయండి. ఈ తీగకు మొగ్గలు ఎదురెదురుగా జతలుగా ఉంటాయి కాబట్టి గులాబీకి కోసినట్టు ఏటవాలుగా అక్కర్లేదు, అడ్డంగా కోస్తే చాలు. మొగ్గల జాడ ఇంకా కిందే ఉంటే అక్కడికే కోయండి. కాడలన్నీ చచ్చిపోతే నేలమట్టానికి కోసి జూన్ మధ్యదాకా ఎదురుచూడండి, ఆలస్యంగా మొలిచే మొక్కలుంటాయి. జాక్‌మనీకి ఏటా ఇంతే.

లీడ్స్ పాఠకులకు ఓ మాట: నాటిన తర్వాత వచ్చే మొదటి ఫిబ్రవరి చివర్లో మీ నెల్లీ మోజర్‌ని కూడా ఒక్కసారి ఇలాగే 30 సెం.మీ.కి కోయండి. ఆ ఏడాది మే పూలు పోతాయి, పువ్వులేవైనా వస్తే వేసవి చివర్లోనే. దానికి బదులు ఒకటి రెండు కాడల చోట నాలుగైదు కాడలు లేస్తాయి. మరుసటి ఏడాదినుంచి ఎండిన చివర్లు మాత్రం తీసి, మిగతాది ముట్టుకోకండి, ఎందుకంటే దాని మే పూలు పాత కాడల కణుపులనుంచే వస్తాయి.