మొదటి యూఎస్‌పీఎస్‌ఏ మ్యాచ్‌కి ఏ పిస్టల్: గ్లాక్ 34, షాడో 2, లేక 2011?

మీరు అడిగింది ఇది: డల్లాస్ దగ్గర ఉంటారు, గ్రీన్‌కార్డు వచ్చింది, నెలకు ఒకటి రెండు యూఎస్‌పీఎస్‌ఏ (అమెరికాలో కదులుతూ వేగంగా, గురిగా కాల్చే పిస్టల్ పోటీలు నడిపే సంఘం) క్లబ్ మ్యాచ్‌లు ఆడాలని ఉంది, మొత్తం ఖర్చు రెండు వేల డాలర్లు దాటకూడదు. గ్లాక్ 34, సీజెడ్ షాడో 2, 2011 తరహా పిస్టల్, ఈ మూడింట్లో ఏది కొనాలి? నా జవాబు గ్లాక్. 34 దొరక్కపోతే 17 అయినా సరే, కానీ డాట్ (అద్దంలో వెలిగే చుక్కతో గురి చూపే పరికరం) బిగించడానికి వీలుగా ఉండే ఎంఓఎస్ రకమే తీసుకోండి.

దుకాణానికి వెళ్లే ముందు తేల్చుకోవాల్సింది తుపాకీ కాదు, డివిజన్, అంటే ఏ రకం పిస్టళ్ల విభాగంలో ఆడతారన్నది. కొత్తవాళ్లకు క్యారీ ఆప్టిక్స్ బాగుంటుంది. స్లైడ్ మీద డాట్ ఉంటుంది, మ్యాగజైన్ పొడవు 141.25 మి.మీ. దాటకూడదు, పిస్టల్ యూఎస్‌పీఎస్‌ఏ ఆమోదించిన జాబితాలో ఉండాలి. సింగిల్ యాక్షన్ పిస్టల్‌కి, అంటే హ్యామర్ (పిస్టల్ వెనక ఉండే సుత్తి) ముందే వెనక్కి లాగి ఉంటేనే పేలేదానికి, ఇందులో ప్రవేశం లేదు, కాబట్టి 2011 ఇక్కడ చెల్లదు. దాని చోటు లిమిటెడ్ ఆప్టిక్స్ అనే వేరే డివిజన్. షాడో 2 చెల్లుతుంది గానీ హ్యామర్ దించి మొదలుపెట్టాలి. ఐరన్ సైట్స్ (డాట్ లేని మామూలు లోహపు సైట్లు) మీద మోజుంటే ప్రొడక్షన్ డివిజన్ ఉంది. అయితే నలభై దాటిన కళ్లకు ముందు సైటూ దూరంగా ఉన్న టార్గెటూ ఒకేసారి స్పష్టంగా కనపడవు. డాట్‌తో ఆ తంటా లేదు, చూపు టార్గెట్ మీదే ఉంటుంది.

ఇక డబ్బు ఎక్కడ పెట్టాలన్నది లెక్క వేసి చూస్తేనే తెలుస్తుంది. ఈ ఆటలో వచ్చిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగిస్తారు, దాన్నే హిట్ ఫ్యాక్టర్ అంటారు. క్యారీ ఆప్టిక్స్‌లో అందరికీ మైనర్ (తక్కువ శక్తి తూటాల) స్కోరింగే: టార్గెట్ మధ్యనున్న ఎ జోన్‌కి 5, దాని చుట్టూ ఉన్న సి కి 3, డి కి 1. పది టార్గెట్లు, ఒక్కోదానికి రెండేసి రౌండ్లు, అన్నీ ఎ లో పడితే 100 పాయింట్లు. పది సెకన్లలో ముగిస్తే హిట్ ఫ్యాక్టర్ 10. బరువైన ఖరీదైన పిస్టల్ వల్ల ఒక్కో టార్గెట్ దగ్గర రెండో రౌండు 0.02 సెకను ముందు పడిందనుకుందాం. పది టార్గెట్లకు కలిసొచ్చేది 0.2 సెకను, హిట్ ఫ్యాక్టర్ 10.2 అవుతుంది. అదే స్టేజిలో (మ్యాచ్‌లో ఒక్కో అంకాన్ని స్టేజి అంటారు) ఒక్క జామ్ తీయడానికి మూడు సెకన్లు పట్టిందా, 7.7కి పడిపోతారు. ఒక్క మిస్ అయితే ఆ 5 పాయింట్లూ పోయి, పైన ఇంకో 10 కోత: 8.5. కొత్తలో అందరినీ ముంచేవి ఈ చివరి రెండే. అందుకే ఆగకుండా ఆడే పిస్టల్, దానితో సాధనకు బోలెడన్ని తూటాలు, ఇవే ముందు.

తూటాల సంగతి. గుండు బరువును గ్రెయిన్లలో, వేగాన్ని సెకనుకు అడుగుల్లో తీసుకుని గుణించి వెయ్యితో భాగిస్తే పవర్ ఫ్యాక్టర్ వస్తుంది. మైనర్‌కి కనీసం 125 ఉండాలి. 124 గ్రెయిన్ల గుండు 1050 వేగంతో వెళ్తే 130.2, 147 గ్రెయిన్లది 890తో 130.8. మామూలు 9 ఎం.ఎం. ఫ్యాక్టరీ తూటాలు చాలావరకు గట్టెక్కుతాయి. పెద్ద మ్యాచ్‌లో క్రోనోగ్రాఫ్ (గుండు వేగం కొలిచే పరికరం) దగ్గర 125 కన్నా తగ్గితే మీ స్కోరు లెక్కలోకే రాదు. అట్టపెట్టె మీద రాసిన వేగం వాళ్ల బ్యారెల్‌తో కొలిచింది. మీ బ్యారెల్ చిన్నదైతే తగ్గుతుంది, కాబట్టి 130 పైన ఉండేలా చూసుకోండి.

చేతికి సరిపోతుందా లేదా అన్నది అంకెల్లో తేలదు. రేంజ్‌లో అద్దెకిస్తారు, గ్లాక్, షాడో 2 రెండూ తీసుకుని చెరో యాభై రౌండ్లు కాల్చండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం పిస్టల్ వెనక తోక కిందికి గట్టిగా ఆనాలి, బ్యారెల్ ముంజేతి వరసలో ఉండాలి. అలా పట్టుకున్నాక చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీదకు రావాలి. చేతిని పక్కకు తిప్పితేగానీ అందట్లేదంటే ఆ పిస్టల్ మీకు పెద్దది. షాడో 2లో హ్యామర్ దించి ఉన్నప్పుడు ట్రిగ్గర్ బాగా ముందుకు ఉంటుంది, పొట్టి వేళ్లవాళ్లకు మొదటి రౌండు ఎడమకో కిందికో పోతుంది. గ్లాక్‌లో పిడి వెనక ముక్క (బ్యాక్‌స్ట్రాప్) మార్చుకుని కొంత సర్దుకోవచ్చు. ఇంకో పరీక్ష: ఛాంబర్ ఖాళీ అని రెండుసార్లు చూసి, దుకాణంవాళ్లను అడిగి, కళ్లు మూసుకుని గోడమీద ఒక చుక్క వైపు పిస్టల్ ఎత్తండి. కళ్లు తెరిచేసరికి డాట్ అద్దంలో కనపడితే అది మీ చేతికి కుదిరినట్టు.

షాడో 2 చెడ్డ పిస్టలని కాదు. 1.33 కిలోల ఉక్కు, కాల్చినప్పుడు డాట్ పెద్దగా ఎగరదు, ఇంట్లో డ్రై ఫైర్ (తూటా లేకుండా సాధన) చేస్తుంటే ప్రతిసారీ స్లైడ్ లాగాల్సిన పని కూడా లేదు. కానీ దానికి డీకాకర్ (హ్యామర్‌ని సురక్షితంగా దించే మీట) లేదు. 'మేక్ రెడీ' (తూటాలు నింపి సిద్ధం కండి) అన్నాక ఛాంబర్‌లో తూటా ఉండగానే హ్యామర్‌ని వేళ్లతో పట్టుకుని, ట్రిగ్గర్ నొక్కి, మెల్లగా పూర్తిగా కిందికి దించాలి. చెమట చేత్తో జారి పేలిందా, ఆ రోజుకి డిస్‌క్వాలిఫై. నేర్చుకోలేనిదేం కాదు. అయితే మొదటి మ్యాచ్‌లో గుండె దడదడలాడుతున్నప్పుడు ఈ పని కూడా ఎందుకన్నదే నా అభిప్రాయం. ధర కూడా గ్లాక్‌కి దాదాపు రెట్టింపు. ఏడాది ఆడాక, ఇంకా ఇదే ఆట ఆడాలనిపిస్తే, అప్పుడు కొనండి.

ఏది కొన్నా ట్రిగ్గర్ తేలిక చేసే స్ప్రింగుల జోలికి తొందరపడి పోవద్దు. షాడోలో 11.5 పౌండ్ల హ్యామర్ స్ప్రింగ్ వేస్తే ట్రిగ్గర్ వెన్నలా ఉంటుంది, కానీ ఫెడరల్ లాంటి మెత్తని ప్రైమర్లు (తూటా అడుగున దెబ్బ తగిలితే అంటుకునే భాగం) మాత్రమే నమ్మకంగా పేలతాయి. గట్టి ప్రైమర్ తగిలితే 'టిక్' అని ఊరుకుంటుంది. గ్లాక్‌లో స్ట్రైకర్ (హ్యామర్ బదులు ప్రైమర్‌ని కొట్టే లోపలి సూది) స్ప్రింగ్ తగ్గించినా ఇదే గొడవ. పేలని తూటా దొరికితే ప్రైమర్ మీద గుంట చూడండి. లోతు లేకపోతే స్ప్రింగ్ తప్పు, లోతుగా ఉండీ పేలలేదంటే తూటా తప్పు.

డాట్ బిగించడంలో జరిగే పొరపాట్లే మ్యాచ్‌లో ఎక్కువగా బయటపడతాయి. స్క్రూలనూ వాటి రంధ్రాలనూ ఆల్కహాల్‌తో తుడిచి నూనె జిడ్డు పూర్తిగా తీసేయండి. నీలం లాక్‌టైట్ (స్క్రూలు ఒదులవకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క చాలు. బిగింపు తయారీదారు చెప్పినంతే, మామూలుగా 10 నుంచి 15 అంగుళ-పౌండ్లు. చేతి అంచనాతో బిగిస్తే ఒదులన్నా అవుతుంది, మర అన్నా తెగుతుంది. గ్లాక్ ఎంఓఎస్‌లో ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ గుల్లను బయటికి లాగే కొక్కెం) వైపు స్క్రూ కాస్త పొడుగైనా కింద ఉన్న ప్లంజర్‌ని నొక్కేసి, ఖాళీ గుల్లలు సరిగ్గా బయటపడవు. డాట్ పెట్టిన రోజు నుంచే జామ్‌లు మొదలైతే అనుమానించాల్సింది దాన్నే. బిగించాక స్క్రూ తల మీదుగా పెయింట్ పెన్నుతో ఒక గీత గీయండి, ఒదులైతే గీత తప్పుతుంది. జీరో (డాట్ చూపిన చోటే గుండు పడేలా సర్దడం) 15 గజాల దగ్గర చేసుకోండి. డాట్ బ్యారెల్ కన్నా పైన ఉంటుంది కాబట్టి మూడు గజాల దగ్గర గుండు అంగుళం దాకా కింద పడుతుంది. నో-షూట్ (కాల్చకూడని టార్గెట్) అడ్డంగా ఉన్న టార్గెట్‌కి ఆ మేరకు పైన గురి పెట్టాలి.

మ్యాగజైన్లు నాలుగైదు కావాలి. పెద్ద స్టేజిలో 32 రౌండ్ల దాకా ఉంటాయి. పొడవు పెంచే అడుగుభాగాలు వేస్తే ఒక్కోదాంట్లో 23 దాకా పడతాయి, కానీ వాటితో పాటు గట్టి స్ప్రింగులు కూడా వేయాలి, లేకపోతే చివరి రెండు మూడు తూటాలు పైకి రావడానికి మొరాయిస్తాయి. ప్రతిదాని మీదా నంబరు వేయండి. 3వ నంబరుతోనే ఆగుతోందని తెలిస్తే పిస్టల్ విప్పాల్సిన పని తప్పుతుంది. మట్టిలో పడినదాన్ని బ్రష్‌తో దులిపాకే మళ్లీ నింపండి.

సుమారు లెక్క: గ్లాక్ 700, డాట్ 300, రెండు పొరల బెల్టు, ట్రిగ్గర్ గార్డును పూర్తిగా కప్పే హోల్‌స్టర్, పౌచ్‌లు కలిపి 250, మ్యాగజైన్లు 220, వెయ్యి తూటాలు 250. మిగిలింది మ్యాచ్ ఫీజులకు. ఒక క్లబ్ మ్యాచ్‌కి 150 రౌండ్లు ఖర్చవుతాయి, 200 పట్టుకెళ్లండి. రేంజ్‌లో సేఫ్ ఏరియాలో (తూటాలు లేకుండా పిస్టల్ సర్దుకునే చోటు) తప్ప, లేదా ఆర్‌వో (స్టేజి నడిపే రేంజ్ ఆఫీసర్) చెబితే తప్ప, పిస్టల్ బయటికి తీయకూడదు. సేఫ్ ఏరియాలో తూటా ముట్టుకున్నా ఇంటికే.

మనవాళ్లు తరచూ తప్పు చేసే చోటు ఒకటుంది. హెచ్1బి, ఎఫ్1, హెచ్4 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. రేంజ్‌లో అద్దెకు తీసుకున్నా ఇదే వర్తిస్తుంది. మీకు గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ఇబ్బంది లేదు, కానీ వీకెండ్‌కి వచ్చిన హెచ్1 మిత్రుడు 'ఒక్క మ్యాగజైన్ కాలుస్తా' అంటే సరదాకి ఇచ్చేయకండి, ముందు ఆ లైసెన్సు ఉందో లేదో అడగండి. పిల్లలున్న ఇల్లయితే తాళం వేసే పెట్టె తప్పదు. టెక్సస్‌లో 17 ఏళ్లలోపు పిల్లల చేతికి అందేలా నింపిన తుపాకీ వదిలేయడమూ నేరమే.

రేంజ్‌కి వాడే బ్యాగును ప్రయాణాలకు వాడొద్దు. అడుగున మడతలో మిగిలిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్ కింద కనపడితే ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. పైగా ఇండియాలో 9 ఎం.ఎం. పారాబెల్లం ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు పౌరులకు అనుమతి లేని రకం.