వేట బోటుకు ఎంత డీజిల్ పట్టుకెళ్ళాలి?

ప్రశ్న: అయ్యా, నాకు 28 అడుగుల ఫైబర్ బోటు, దానికి 10 హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్ ఉన్నాయి. గోదావరి వశిష్ఠ పాయలోని మా రేవు నుంచి 3 మైళ్ళు వచ్చి, అంతర్వేది మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాటి, అక్కడి నుంచి 30 నాటికల్ మైళ్ళ దాకా వంజరం వేటకు వెళ్తున్నాము. బోటు గంటకు 6 మైళ్ళు నడుస్తుంది, 2 లీటర్లు తాగుతుంది. రానూపోనూ 66 మైళ్ళకు 11 గంటలు, 22 లీటర్లు అవుతాయని లెక్క వేసుకుని, జాగ్రత్త కోసం 35 లీటర్ల డబ్బా నిండుగా పెట్టుకుంటాను. మొన్న మార్చిలో రాత్రి ఆరు గంటలు వల వేసి, తెల్లవారుజామున దిక్సూచి చూసుకుంటూ తిరిగి వస్తే ఒడ్డు కనిపించింది గానీ మొగకు చాలా తూర్పున తేలాము. ఒడ్డు వెంబడి పడమరకు నడిపి మొగలోకి వచ్చేసరికి డబ్బా అడుగున నాలుగు వేళ్ళ లోతు డీజిల్ కూడా లేదు. నా లెక్కలో తప్పెక్కడ జరిగింది?
— అంతర్వేది నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ గుణకారంలో తప్పు లేదు. రోడ్డు మీద బండికి వేసే లెక్కను సముద్రం మీద బోటుకు వేశారు, అంతే. బండికి లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అన్నది సరిపోతుంది గానీ, బోటు ఇంజన్ మాత్రం మీరు ముందుకు కదిలినా, కెరటం మీద నిలిచిపోయినా, వెనక్కి కొట్టుకుపోయినా గంటకు తాగేది తాగుతూనే ఉంటుంది. అందువల్ల ముందు గంటలు లెక్కపెట్టి, ఆ గంటల నుంచి లీటర్లు లెక్కపెట్టాలి. పోయే గంటలు, వచ్చే గంటలు ఎప్పుడూ సమానం కావు.

మీ మార్చి ప్రయాణాన్నే తీసుకుందాము. పోయేటప్పుడు 33 మైళ్ళకు ఐదున్నర గంటలు పట్టి 11 లీటర్లు ఖర్చయి ఉంటాయి. వల దింపడానికి, ఎత్తడానికి, మధ్యలో చోటు మార్చడానికి ఇంజన్‌ను నెమ్మదిగా తిప్పినా ఒక 3 లీటర్లు పోతాయి. ఇవి మీ లెక్కలో లేనే లేవు. తిరుగు ప్రయాణంలో బోటులో చేపల బరువు, తడిసి ముద్దయిన వల బరువు ఉంటాయి, ఒడ్డు దగ్గర పడేకొద్దీ తెల్లవారుజామున నేల మీది నుంచి సముద్రం వైపు వీచే గాలి ముఖానికే కొడుతుంది. అప్పుడు 6 మైళ్ళ వేగం 5 మైళ్ళకు దిగినా 33 మైళ్ళకు 6 గంటల 36 నిమిషాలు పట్టి, 13 లీటర్లు దాటుతాయి. ఇంతవరకే 27 లీటర్లయింది.

ఇక మొగకు తూర్పున ఎందుకు తేలారన్న సంగతి చూద్దాము. మన తూర్పు తీరం వెంబడి సముద్రంలో ఒక ప్రవాహం ఉంటుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా అది ఈశాన్యం వైపు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నైరుతి వైపు నడుస్తుంది. అంతర్వేది నుంచి నేరుగా లోపలికి వెళ్ళేవారికి ఆ ప్రవాహం ఎదురు రాదు, పక్కకు నెడుతుంది. అందుకే అది చేతికీ కంటికీ తెలియదు. గంటకు అర మైలు మాత్రమే ఉందనుకున్నా, పోతూ, వల వేసుకుని, వస్తూ మీరు సముద్రంలో గడిపిన దాదాపు 17 గంటల్లో అది మిమ్మల్ని తూర్పునున్న ఓడలరేవు వైపు 8 మైళ్ళకు పైగా తోసేస్తుంది. దిక్సూచి ముల్లు బోటు ముక్కు ఎటు తిరిగిందో చూపుతుంది గానీ బోటు ఎటు జరిగిపోతోందో చూపదు. ఆ 8 మైళ్ళనూ మీరు ఒడ్డు వెంబడి, అదే ప్రవాహానికి ఎదురుగా, గంటకు నాలుగున్నర మైళ్ళ చొప్పున వెనక్కి నడిపారు. అందుకు రెండు గంటలు, మరో 4 లీటర్లు. మొత్తం 31 లీటర్లయింది. డబ్బాలో మిగిలిన ఆ నాలుగు లీటర్లే మీరు చూసిన, నాలుగు వేళ్ళ లోతుకు కూడా రాని డీజిల్.

జీపీఎస్ ఉన్నవారు బయలుదేరే ముందు మొగ స్థానాన్ని అందులో గుర్తు పెట్టుకుని, తిరిగి వచ్చేటప్పుడు వల ఎత్తిన చోటి నుంచే ఆ గుర్తు మీదికి దారి పట్టాలి. ఒడ్డు కనిపించాక చూసుకుందాములే అనుకుంటే ప్రతిసారీ ఆ నాలుగు లీటర్ల జరిమానా కట్టవలసి వస్తుంది.

ఎంత పట్టుకెళ్ళాలన్న దానికి పాత సరంగులు (బోటు నడిపేవారు) పాటించే మూడు వంతుల పద్ధతిని మించినది నాకు తెలియదు: ఒక వంతు పోవడానికి, ఒక వంతు రావడానికి, మూడో వంతు ముట్టుకోకుండా ఉంచడానికి. దీన్ని చాలామంది చమురును మూడు సమాన భాగాలు చేయడంగానే చూస్తారు. నిజానికి రావడానికి పోయినదానికన్నా ఎక్కువ పడుతుంది కనుక, మొత్తం ప్రయాణానికి అయ్యేది పట్టుకెళ్ళినదానిలో మూడింట రెండు వంతులకు మించకూడదని దీన్ని అర్థం చేసుకోవాలి. దారి తప్పకపోయినా మీకు 27 లీటర్లు అవుతాయి కనుక 41 లీటర్లు కావాలి. 35 లీటర్ల డబ్బాతో ఆ దూరం వెళ్ళకూడదు.

అంతకన్నా ముఖ్యమైనది తిరుగు గీత. వెనక్కి రావడానికి 13 లీటర్లు, ముట్టుకోకూడని మూడో వంతు సుమారు 14 లీటర్లు కలిపితే 27. పట్టుకెళ్ళిన 41 లీటర్లలో 27 మిగిలిన క్షణాన, వలలో చేప పడుతున్నా సరే, బోటు ముక్కు తిప్పాలి. ఈ అంకెను సముద్రం మీద, చేపలు తగులుతున్న ఉత్సాహంలో నిర్ణయించుకోలేరు. ఒడ్డు మీదే నిర్ణయించుకోవాలి. నేను చూసిన ఒక పెద్దాయన ఇందుకోసం ఒక వెదురు బద్ద ఉంచుకునేవాడు. ఖాళీ డబ్బాలో ఐదేసి లీటర్లు కొలిచి పోస్తూ, ప్రతిసారీ బద్దను ముంచి, తడి ఎంతవరకు వచ్చిందో అక్కడ కత్తితో గాటు పెట్టాడు. తిరుగు గీత దగ్గర మాత్రం గాటు బదులు ఎర్ర దారం చుట్టాడు. చీకటిలో కూడా ఆ దారం వేలికి తగులుతుందని చెప్పేవాడు.

మూడో వంతు ఎక్కువనిపిస్తే రెండు సంగతులు గుర్తు పెట్టుకోండి. మొదటిది, మన గోదావరి మొగల ముందు సముద్రం త్వరగా లోతవుతుంది. 30 మైళ్ళ దూరంలో ఇంజన్ ఆగిపోతే మీ లంగరు తాడు అడుగును అందుకోదు కనుక, ఎవరైనా వచ్చేదాకా బోటు కొట్టుకుపోతూనే ఉంటుంది. రెండోది మొగ. పాటు వేళ ఇసుక మేట మీద కెరటాలు విరుగుతుంటే లోపలికి రాలేరు, పోటు కోసం ఆగాలి; పాటుకూ పోటుకూ మధ్య ఆరు గంటలకు పైనే ఉంటుంది. అక్కడ లోతు తక్కువ కనుక కెరటాలు విరిగే చోటికి బయటే లంగరు వేసి, ఇంజన్ ఆపి ఆగవచ్చు. అయితే చివరకు కెరటాల మధ్య నుంచి లోపలికి దూరే ఆ పావుగంటలో ఇంజన్ ఒక్క దగ్గు కూడా దగ్గకూడదు.

ప్రశ్న: నెమ్మదిగా నడిపితే ఎక్కువ గంటలు పడుతుంది కనుక డీజిల్ ఎక్కువ అవుతుందని మా అన్నయ్య అంటాడు. నిజమేనా? వెనక ఇంజన్ తగిలించిన మా తమ్ముడి పెట్రోలు అవుట్‌బోర్డు బోటుకు కూడా ఇదే వర్తిస్తుందా?
— భైరవపాలెం నుంచి

జవాబు: మీ అన్నయ్యగారి మాట పైకి సబబుగానే ఉన్నా, నీటిని చీల్చుకుంటూ నడిచే బరువైన బోటు విషయంలో నిజం కాదు. అటువంటి బోటుకు వేగం పెంచేకొద్దీ కావలసిన శక్తి ఇంచుమించు వేగం ఘనానికి తగినట్టు పెరుగుతుంది. అంటే వేగాన్ని పదో వంతు తగ్గిస్తే గంటకు అయ్యే ఖర్చు నాలుగో వంతుకు పైగా తగ్గుతుంది. గంటలు పెరిగినా సరే, మైలుకు అయ్యే ఖర్చు దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. గంటకు 6 మైళ్ళ వేగంతో 22 లీటర్లయ్యే దూరాన్ని 5.4 మైళ్ళ వేగంతో వెళ్తే సుమారు 18 లీటర్లతో రావచ్చు. (ఈ వేగాన్ని నాట్లలో చెబుతారు, కోనసీమలో ఆ మాట ఎత్తితే వరి నాట్లే గుర్తుకొస్తాయి కనుక నేను గంటకు మైళ్ళనే రాస్తున్నాను.) ఎదురు ప్రవాహం బలంగా ఉన్నప్పుడు మాత్రం మరీ నెమ్మదిగా పోకూడదు, ఉన్నచోటే ఈదుతున్నట్టవుతుంది.

మీ తమ్ముడి తేలికపాటి బోటు సంగతి వేరు. అది వేగం అందుకున్నాక నీటి మీదికి లేచి జారుతూ పోతుంది. లేవీ లేవని మధ్య వేగంలో ముక్కు పైకెత్తి, తోక ముంచి నడిచినప్పుడే దానికి అన్నిటికన్నా ఎక్కువ ఖర్చు. కెరటాలు పెద్దవైతే అది లేవలేదు, అప్పుడు ప్రశాంతమైన రోజున వేసిన లెక్క ఏదీ పనికిరాదు. పూర్తి వేగంలో డీజిల్ ఇంజన్ హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 0.2 లీటరు తాగితే, పెట్రోలు ఇంజన్ సుమారు 0.4 లీటరు, పాత టూ స్ట్రోకు అయితే ఇంకా ఎక్కువే తాగుతుంది.

ప్రశ్న: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా. డ్రమ్ములో మిగిలిపోయిన డీజిల్‌ను జూన్‌లో మొదటి వేటకు లెక్కలో వేసుకోవచ్చా?
— నరసాపురం నుంచి

జవాబు: వేసుకోవచ్చు గానీ మొత్తం వేసుకోకండి. సగం ఖాళీగా ఉన్న డ్రమ్ములో పగటి వేడికి, రాత్రి చల్లదనానికి లోపలి గాలిలోని తేమ గోడల మీద చెమ్మగిల్లి కిందికి జారుతుంది. డీజిల్ నీటికన్నా తేలిక కనుక ఆ నీరంతా అడుగున చేరి, ఆ నీటికీ డీజిల్‌కూ మధ్య నాచులాంటి జిగట పెరుగుతుంది. రేవులో కదలకుండా ఉన్నంతసేపు అది కనిపించదు. మొగ దగ్గర బోటు ఊగిసలాడగానే కలిసిపోయి ఫిల్టరును పట్టేస్తుంది. అడుగు డీజిల్‌ను గాజు సీసాలో పట్టి ఒక పూట కదపకుండా ఉంచితే కింద నీటి చార తేలిపోతుంది. అది కనిపించినంతవరకు వంచి పారబోసి, మిగిలినది వడగట్టి వాడుకోవాలి, అదనపు ఫిల్టరు ఒకటి వెంట ఉంచుకోవాలి. నిషేధానికి ముందే డ్రమ్మును అంచు దాకా నింపి బిగిస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. మామూలు రోజుల్లో కూడా అడుగు రెండు లీటర్లను లెక్కలోంచి తీసేయడం మంచిది.

ప్రశ్న: హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వారు ఇచ్చే చేపల జాడ సమాచారంలో మా రేవుకు 55–60 అని దూరం ఉంటుంది. దాన్ని జీపీఎస్‌లో మైళ్ళుగా పెట్టుకుని డీజిల్ లెక్క వేయవచ్చా?
— కాకినాడ నుంచి

జవాబు: వద్దు. అందులోని దూరం కిలోమీటర్లలో ఉంటుంది, మీ జీపీఎస్ చూపేది సాధారణంగా నాటికల్ మైళ్ళలో. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు కనుక 60 కిలోమీటర్లంటే 32 మైళ్ళే. మైళ్ళనుకుని పోతే చేప ఉన్న చోటు దాటి 28 మైళ్ళు అవతలికి, అంటే రానూపోనూ మరో 56 మైళ్ళు అదనంగా నడుపుతారు. చేప కూడా చెప్పిన చోటే కూర్చుని ఉండదు కనుక వెతకడానికి ఒక గంట డీజిల్‌ను వేరుగా కలుపుకోండి.